థామస్ కావెర్‌హిల్ జెర్డాన్

థామస్ కావెర్‌హిల్ జెర్డాన్ (అక్టోబరు 12, 1811 - జూన్ 12, 1872) ఈస్టిండియా కంపెనీ మద్రాసు సైన్యములో పనిచేసిన వైద్యుడు, ప్రకృతి శాస్త్రజ్ఞుడు. భారతదేశపు పక్షులను, క్షీరదములను, మంచినీటి చేపలను, సరీసృపములను, చీమలను గూర్చి గ్రంథములు, వ్యాసములు వ్రాశాడు. తెలుగువారికి ఈయన ముఖ్యముగా కలివికోడి ద్వారా పరిచితుడు. కొంతకాలము నెల్లూరు జిల్లా వైద్యాధికారిగా (సివిల్ సర్జన్) ఉండి, ఆ జిల్లా పడమటి కొండలను, అక్కడి యానాదుల ప్రకృతి జ్ఞానమును తన పరిశోధనకు ఉపయోగించుకొన్నాడు.

బాల్యము, విద్యాభ్యాసము

జెర్డాన్ ఇంగ్లండులోని డర్హామ్ ప్రాంతములో, బిడ్డిక్ హౌస్ అనే ఇంట జన్మించాడు. తండ్రి ఆర్చిబాల్డ్ జెర్డాన్ స్కాట్లండు సరిహద్దులోని జెడ్‌బరో దగ్గరి బాన్‌జెడ్వర్డ్‌కు చెందినవాడు. చెట్లు చేమల మీద, పశుపక్ష్యాదుల మీద ఆసక్తి తండ్రి నుండే కుమారునికి అబ్బింది. 1828లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయములో చేరి, మొదట సాహిత్య తరగతులు, తరువాత వైద్యశాస్త్రము చదివాడు. అక్కడ ప్రకృతి శాస్త్రమును బోధించిన రాబర్ట్ జేమ్సన్ వద్ద శిష్యరికము చేశాడు. 1835లో కంపెనీ కొలువులో అసిస్టెంటు సర్జనుగా నియమితుడై, 1836 ఫిబ్రవరిలో మద్రాసు చేరుకొన్నాడు.

తొలి ఉద్యోగములు

మొదటి ఉద్యోగము గంజాం ప్రాంతములో. అప్పుడు గుంసూరు కొండలలో కంపెనీ సైన్యము పోరాటము చేస్తున్నది. సైనికులు జ్వరములతోను, రక్తవిరేచనములతోను బాధపడుతుండగా వారికి వైద్యము చేయుట ఈయన పని. తీరిక దొరికినప్పుడు తూర్పు కనుమల పక్షులను సేకరించాడు. 1837లో 2వ మద్రాసు అశ్విక దళమునకు బదిలీ అయి తిరుచిరాపల్లి చేరి, తరువాతి నాలుగేళ్ళలో దక్కను మీదుగా జాల్నా వరకు తిరిగాడు. సేనలు ఊరూరా దిగుతూ నడిచే ఆ రోజులలో, దండు వైద్యునికి పక్షులను పరిశీలించేందుకు కావలసినంత అవకాశముండేది.

ఇక్కడ ఒక చిన్న సంఘటన చెప్పుకోవలసి ఉన్నది. తాను సేకరించిన పక్షుల తోళ్ళను గుర్తింపు కొరకు స్కాట్లండులోని సుప్రసిద్ధ పక్షిశాస్త్రజ్ఞుడు సర్ విలియం జార్డిన్‌కు పంపించాడు. అవి అక్కడికి చేరేసరికి చిమ్మెటలు తిని పాడుచేశాయి. అప్పటి నుండి జెర్డాన్ విదేశములలోని పండితుల తీర్పు కొరకు ఎదురుచూడక, తన గుర్తింపు మీదనే ఆధారపడ్డాడు. 1839-40లో మద్రాసు జర్నల్ ఆఫ్ లిటరేచర్ అండ్ సైన్స్ అనే పత్రికలో దక్షిణాపథ పక్షుల పట్టికను ప్రచురించాడు. అందులో 420 జాతులున్నవి. అంతకు పూర్వము కర్నల్ సైక్స్ తయారుచేసిన దక్కను పట్టికకు ఇది దాదాపు రెట్టింపు.

1841లో నీలగిరులకు వెళ్ళినప్పుడు, ఉదకమండలములో ఫ్లోరా అలెగ్జాండ్రినా మటిల్డా మెక్లియడ్‌ను వివాహమాడాడు. ఆమెకు మొక్కల చిత్రలేఖనములో, ముఖ్యముగా ఆర్కిడ్ల మీద, మక్కువ ఉండేది.

నెల్లూరులో

వివాహము తరువాత 1840లలో జెర్డాన్ నెల్లూరు సివిల్ సర్జనుగా నియమితుడైనాడు. ఈయన శాస్త్ర జీవితములో తెలుగు పాఠకునికి అన్నిటికంటె ఆసక్తికరమైన భాగమిదే.

నెల్లూరు పట్టణము నుండి పెన్న ఒడ్డున పడమరగా పోతే సంగం, ఆత్మకూరు వస్తాయి. ఆత్మకూరుకు వాయవ్యముగా ఉదయగిరి. సుమారు 3,000 అడుగుల ఎత్తున్న ఉదయగిరి దుర్గమును 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి గెలుచుకొన్న సంగతి అందరికీ తెలిసినదే. జెర్డాన్ వచ్చుటకు కొద్ది ముందు, 1839లో, ఉదయగిరి జాగీర్దారు కుట్ర చేశాడన్న అభియోగముపై కంపెనీ అతనిని తొలగించి ప్రవాసమునకు పంపింది. ఈ రెండు ఊళ్ళకు పడమట వెలికొండలు ఉత్తర దక్షిణములుగా సాగి నెల్లూరు, కడప జిల్లాలను వేరుచేస్తాయి. కనుమ దాటితే కడప జిల్లాలోని బద్వేలు. కొండల అడుగున ఎఱ్ఱని రాతినేల, కలివి, తుమ్మ, రేగు వంటి ముళ్ళ పొదలు, వాటి నడుమ ఖాళీ జాగాలు - ఇది దట్టమైన అడవి కాదు, బీడూ కాదు. పొట్టి పొదల అడవి అని చెప్పవచ్చు.

పెన్న, దాని ఉపనది బొగ్గేరు ఈశాన్య ఋతుపవనముల వర్షములకు అక్టోబరు, నవంబరు మాసములలో పొంగి, వేసవికి ఇసుకతిన్నెలుగా మారుతాయి. అక్కడక్కడ మడుగులు మాత్రము మిగులుతాయి. కొరమీను, వాలుగ, జెల్ల, బొమ్మిడాయి వంటి చేపలు ఆ మడుగులలోనూ చెరువులలోనూ తలదాచుకొంటాయి. కొరమీను నీటి పైకి వచ్చి గాలిని కూడ పీల్చగలదు గనుక, మిగిలిన చేపలు చచ్చిపోయే బురదనీటిలో సైతము బ్రతుకుతుంది. వీటిని ఊతలతోను, మావులతోను, గాలములతోను, ఒక్కొక్కప్పుడు కట్ట వేసి నీరు తోడివేసి చేతులతోను పట్టుటలో యానాదులు నేర్పరులు. ఎలుక కన్నములు, తేనెపట్టులు, మందుమూలికలు, పక్షుల గూళ్ళు వీరికి తెలిసినంతగా మరెవరికీ తెలియవని నెల్లూరు జిల్లాలో నేటికీ పేరు.

జెర్డాన్ చేసిన తెలివైన పని, ఈ యానాదులను అడిగి తెలుసుకొనుట. పక్షులకు, జంతువులకు వారు వాడే పేర్లను, ఆ ప్రాణుల నడవడిని గూర్చి వారు చెప్పిన సంగతులను వ్రాసుకొన్నాడు. ఆ కాలపు సేకర్తలలో ఎక్కువమందికి తుపాకితో పిట్టను కొట్టి, తోలు ఒలిచి, పెట్టెలో పెట్టి పంపుటతో పని ముగిసేది. జెర్డాన్ కూడ తుపాకిని వాడినవాడే. ఆనాడు మరో పద్ధతి లేదు. అయితే చచ్చిన పిట్ట చెప్పలేని విషయములను బ్రతికి ఉన్న మనుషుల నుండి తెలుసుకొన్నాడు.

తెలుగు పేర్లు

జెర్డాన్ గ్రంథములలో చాలా ప్రాణులకు శాస్త్రనామముతో పాటు హిందుస్తానీ, తెలుగు, తమిళము, కన్నడము మొదలైన భాషలలోని పేర్లు కనిపిస్తాయి. ఇంగ్లీషు చెవికి వినబడినట్లుగా వ్రాసినందున వర్ణక్రమము విచిత్రముగా ఉంటుంది. కాస్త ఓపికతో పైకి చదివితే అసలు మాట బయటపడుతుంది. బట్టమేక, నేల నెమలి, జాలె డేగ, నీల బుచ్చిగాడు, పిగిలిపిట్ట ఈ విధముగానే దొరుకుతాయి. దేవాంగపిల్లి, నీరుకుక్క వంటివి క్షీరదముల గ్రంథములో ఉన్నవి.

వీటిలో కొరమీను గద్ద అనునది గమనింపదగినది. ఇంగ్లీషులో ఆస్ప్రే అనబడే ఈ పక్షి శీతకాలములో మన నదులకు, చెరువులకు వలస వచ్చి, నీటి మీద ఎగురుతూ ఒక్కసారిగా కాళ్ళు ముందుకు చాచి నీటిలో పడి చేపను ఎత్తుకొనిపోతుంది. చేపలు పట్టేవారు పెట్టిన పేరే ఇది అయి ఉండాలి. తమ చేపను తన్నుకుపోయేదానికి ఆ చేప పేరే పెట్టారు. తెలుగు పక్షి నామములను సేకరించదలచినవారికి జెర్డాన్ పుస్తకములు నేటికీ మంచి ఆకరములు.

మంచినీటి చేపలు

నెల్లూరు తరువాత జెర్డాన్ మలబారు తీరములోని తలచేరి వైద్యాధికారి అయినాడు. 1849లో దక్షిణ భారతపు మంచినీటి చేపలను గూర్చి మద్రాసు జర్నల్‌లో దీర్ఘమైన వ్యాసము ప్రచురించాడు. దక్షిణాపథపు నదులలోని, చెరువులలోని చేపలన్నిటినీ ఒకచోట చేర్చి చెప్పిన తొలి ప్రయత్నములలో ఇదొకటి. లేబియో కాంటియస్, డాకిన్సియా అరూలియస్, బార్బోడిస్ కర్ణాటికస్, హెమీబాగ్రస్ పంక్టేటస్, డెవారియో మలబారికస్ అని నేడు పిలువబడే చేపలు ఈ వ్యాసము ద్వారానే శాస్త్రలోకమునకు తెలిశాయి. కాంటియస్, అరూలియస్ అనునవి తమిళ బెస్తవారి మాటలకు లాటిను తొడుగు వేసినవే. ఈ అయిదింటిలో మొదటి నాలుగు కావేరి పరీవాహకమునకు, చివరిది మలబారుకు చెందినవి. నెల్లూరువారు పెన్న చేప ఒకటైనా ఈ జాబితాలో ఉండకూడదా అనుకొనవచ్చును గాని, పెన్నలో దొరికే చేపలలో ఎక్కువ భాగము దేశమంతటా ఉండేవే. వాటికి అంతకు మునుపే హామిల్టన్, బ్లాక్ వంటివారు పేర్లు పెట్టారు.

ఈ వ్యాసమునకు ఒక లోపము ఉన్నది. జెర్డాన్ పరిశీలించిన చేపల నమూనాలు మ్యూజియములలో నిలువలేదు. పక్షి తోలును ఎండబెట్టి దాచవచ్చు, చేపను దాచవలెనంటే సారాయి, సీసాలు కావాలి. ఆ కారణముచేత ఈయన వర్ణించిన కొన్ని చేపలు ఖచ్చితముగా ఏవి అన్న చర్చ తరువాతి శాస్త్రజ్ఞులలో చాలా కాలము సాగింది. భారతదేశపు చేపల మీద 1875-78లో బృహద్గ్రంథము ప్రకటించిన ఫ్రాన్సిస్ డే, మద్రాసు సైన్యములో వైద్యుడే. ఆయన 1870లో ఒక చేపకు జెర్డాన్ పేరు పెట్టాడు. దానిని ఇప్పుడు హిప్సెలోబార్బస్ జెర్డోని అంటారు.

1851లో దక్షిణ భారతపు చీమల పట్టికను, 1853లో సరీసృపముల పట్టికను వెలువరించాడు. ఎగిరి దూకి ఎరను పట్టే చీమ (హార్పెగ్నాతస్ సాల్టేటర్) ఆ చీమల వ్యాసములోనిదే. 2010లో దీని జన్యుక్రమమును శాస్త్రజ్ఞులు నిర్ణయించారు.

ముఖ్య గ్రంథములు

భారతీయ పక్షుల చిత్రములతో 1843-47 మధ్య మద్రాసులో వెలువడిన సంపుటిలో 50 రంగుల పలకలున్నవి. దానిలోని చిత్రములు కొన్ని దేశీయ చిత్రకారులు గీసినవి. తలచేరి తరువాత జెర్డాన్ మధ్యభారతములోని సాగర్‌లో అశ్విక దళములో పనిచేసి, 1858లో సర్జన్ మేజరు అయినాడు. ఆరోగ్యము బాగుండక డార్జిలింగు వెళ్ళి, హిమాలయ పక్షులను కూడ పరిశీలించగలిగాడు. ఆ పిమ్మట గవర్నర్ జనరల్ కానింగ్ ఈయనను ప్రత్యేకముగా గ్రంథరచన కొరకే నియమించాడు. ఫలితముగా 1862-64లో కలకత్తాలో 'ది బర్డ్స్ ఆఫ్ ఇండియా' వెలువడింది. 1,008 జాతుల వర్ణనలున్న ఈ గ్రంథమునకు ముందు, భారతదేశపు పక్షులన్నిటినీ ఒకచోట చెప్పిన పుస్తకము లేదు. 1867లో రూర్కీలో 'ది మామల్స్ ఆఫ్ ఇండియా' అచ్చయింది.

1868లో సైన్యము నుండి విరమించి, 1870లో స్వదేశమునకు వెళ్ళాడు. 1872లో లండను దగ్గరి అప్పర్ నార్‌వుడ్‌లో మరణించాడు. భారతదేశ జంతుజాలము మొత్తమును గూర్చి వరుసగా గ్రంథములు రావలెనన్నది ఈయన కోరిక. అది ఈయన మరణానంతరము, 1888 నుండి బ్లాన్‌ఫర్డ్ సంపాదకత్వమున నెరవేరింది.

కలివికోడి

జెర్డాన్ సేకరించి పంపిన ఒక పక్షిని కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియము అధికారి ఎడ్వర్డ్ బ్లైత్ 1848లో కొత్త జాతిగా వర్ణించాడు. నేటి శాస్త్రనామము రైనోప్టిలస్ బైటార్క్వేటస్. రొమ్ముపై రెండు పట్టీలు ఉన్నందున ఆ పేరు. నెల్లూరుకు పడమటనున్న కనుమల మీది ప్రదేశములోను, కడపలోను ఇది ఉండునని జెర్డాన్ తన గ్రంథములో వ్రాసి, దీనికి అడవి ఉత్తతిత్తి అనే తెలుగు పేరును చేర్చాడు.

తరువాత బ్లాన్‌ఫర్డ్ గోదావరి లోయలో దీనిని చూశాడు. 1900లో అనంతపురము వద్ద హోవర్డ్ కాంబెల్ చూచిన పిదప మరెవ్వరికీ కనబడలేదు. ఎనభై అయిదేళ్ళపాటు ఇది అంతరించినదనే చాలామంది భావించారు. పగటిపూట వెదకినవారికి దొరకకపోవుటలో వింత లేదు. ఇది రాత్రి తిరిగే పక్షి, పగలు పొదల నీడన కదలక కూర్చుంటుంది. 1980లలో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్, పక్షి చిత్రములను పల్లెలలో చూపి వేటగాండ్రను విచారించాడు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె వద్ద స్థానిక వేటగాడొకడు రాత్రివేళ దీపపు వెలుగులో ఒక కలివికోడిని సజీవముగా పట్టి తెచ్చాడు. శాస్త్రజ్ఞులు మొదట వెళ్ళిన దారి కంటె జెర్డాన్ వెళ్ళిన దారే, అనగా ఊరివారిని అడుగుటే, ఫలించింది. వార్త తెలియగానే వయోవృద్ధుడైన సలీం అలీ బయలుదేరి వచ్చాడు. పట్టుబడిన పక్షి మాత్రము బ్రతుకలేదు.

1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడింది. అదే సంవత్సరము భారత తపాలా శాఖ కలివికోడి బొమ్మతో స్టాంపు విడుదల చేసింది. ఇరవయ్యొకటవ శతాబ్దపు తొలి దశకములో తెలుగుగంగ కాలువ త్రవ్వకము ఈ పక్షి ఉనికికి ముప్పు తెచ్చినందున, కాలువ దారిని మార్చవలసి వచ్చింది. కలివికోడి ప్రపంచములో అత్యంత ప్రమాదకర స్థితిలో ఉన్న పక్షులలో ఒకటి. వెలికొండలకు తూర్పున, ఆత్మకూరు, ఉదయగిరి వైపున కూడ ఒకప్పటి పొదల నేల చాలావరకు సాగులోకి వచ్చింది. పెన్నపై సోమశిల జలాశయము (78 టి.ఎం.సి.) కట్టిన తరువాత నదీ స్వరూపమే మారింది.

పేరు నిలుపుకొన్న జీవులు

ఇంగ్లీషులో కలివికోడిని జెర్డాన్స్ కోర్సర్ అంటారు. జెర్డాన్ పేరు మీద ఒక ఆకుపిట్ట, ఒక బజా గద్ద, ఒక భరతపక్షి, ఒక రక్తపింజరి తరహా పాము కూడ ఉన్నవి. యానాదుల పేరు మీద ఈ పక్షులలో ఏదియు లేదు. వారు చెప్పిన మాటలు మాత్రము జెర్డాన్ పుటలలో, చాలా ప్రాణుల వర్ణనలకు ముందు, తెలుగు అను గుర్తుతో ఉన్నవి.