ఆస్పత్రి లెక్కలు సర్కారుకు ఎందుకు చెప్పాలి? 160 ఏళ్ల కిందటే ఫ్లోరెన్స్ నైటింగేల్ ఏం చేశారంటే..

ఇప్పుడు ఏ పెద్దాస్పత్రికి వెళ్లినా మొదట కనిపించేది కంప్యూటరే. పేరు, వయసు, జబ్బు, రాసిన మందులు, డిశ్చార్జ్ తేదీ.. అన్నీ అందులోకి ఎక్కాల్సిందే. ఆ వివరాల్లో కొన్నింటిని ప్రభుత్వానికి రిపోర్ట్ చేయాలని చాలా దేశాల్లో రూల్స్ ఉన్నాయి. ఈ పని మాకెందుకు అని డాక్టర్లు విసుక్కోవడం కూడా కొత్తేం కాదు.

కానీ కంప్యూటర్ ఊసే లేని రోజుల్లో ఇదే డిమాండ్‌తో ప్రభుత్వం వెంటపడిన మహిళ ఒకరున్నారు. ఆమే ఫ్లోరెన్స్ నైటింగేల్.

చేతిలో లాంతరుతో రాత్రిపూట సైనికుల మంచాల మధ్య తిరిగిన నర్స్‌గా ఆమె అందరికీ తెలుసు. ఏటా ఆమె పుట్టినరోజు మే 12న అంతర్జాతీయ నర్సుల దినోత్సవం జరుపుకుంటాం. అయితే ఆమె లాంతరు పట్టుకుని తిరిగింది రెండేళ్లలోపే. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆమె చేతిలో ఉన్నవి రిజిస్టర్లు, పట్టికలు!

లెక్కలంటే ప్రాణం

1820లో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో ఆమె పుట్టారు. ఊరి పేరే ఆమె పేరైంది. తల్లిదండ్రులు బాగా డబ్బున్న ఇంగ్లీష్ కుటుంబం వాళ్లు. తండ్రి విలియం దగ్గరుండి కూతుళ్లిద్దరికీ ఇంట్లోనే లాటిన్, గ్రీకు, చరిత్ర చెప్పారు. ఫ్లోరెన్స్‌కు మాత్రం లెక్కలంటే పిచ్చి ఇష్టం.

నర్స్ అవుతానంటే ఇంట్లో ఒప్పుకోలేదు. అప్పట్లో ఆ పనికి గౌరవం లేదు మరి. ఆమె ఏళ్ల తరబడి పట్టు వదల్లేదు. 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో ట్రైనింగ్ తీసుకున్నారు. 1853లో లండన్‌లోని ఓ చిన్న ఆస్పత్రికి సూపరింటెండెంట్ అయ్యారు. ఆ మరుసటి ఏడాదే బ్రిటన్ క్రిమియా యుద్ధంలోకి దిగింది.

మూడు రిజిస్టర్లు.. మూడు లెక్కలు

గాయపడ్డ సైనికులు దిక్కులేకుండా చచ్చిపోతున్నారని పేపర్లలో వార్తలు వచ్చాయి. దీంతో మంత్రి సిడ్నీ హెర్బర్ట్ ఆమెను టర్కీకి వెళ్లమని కోరారు. 1854 నవంబర్‌లో 38 మంది నర్సులతో ఆమె స్కుటారి చేరుకున్నారు. ఇప్పటి ఇస్తాంబుల్‌లో ఓ భాగమే ఆ ఊరు.

ఓ పెద్ద బ్యారక్‌నే ఆస్పత్రిగా మార్చారు. భవనం కింద మురుగు కాలువలు మూసుకుపోయి ఉన్నాయి. ఎలుకలు, పేలు, కంపు. సబ్బు లేదు, దుప్పట్లు లేవు. నైటింగేల్ వంటగది పెట్టించారు, బట్టలు ఉతికించారు, సామాన్లు తెప్పించారు.

వీటితో పాటు ఆమెను షాక్‌కు గురిచేసిన సంగతి ఇంకొకటుంది. చనిపోయిన వాళ్లను రాసుకోవడానికి అక్కడ ఒకటి కాదు, మూడు రిజిస్టర్లు ఉన్నాయి. మూడింట్లో మూడు లెక్కలు! కొందరిని పూడ్చిపెట్టారు కానీ ఏ రికార్డులోనూ వాళ్ల పేరు లేదు. ఒక్కో ఆస్పత్రి జబ్బులకు ఒక్కో పేరు పెట్టి రాసుకుంటోంది. అంటే ఎంతమంది పోయారో, ఎందుకు పోయారో సర్కారుకే సరిగ్గా తెలియదన్నమాట.

1855 ఫిబ్రవరిలో పరిస్థితి ఘోరంగా మారింది. అక్కడ చికిత్స పొందుతున్న ప్రతి 100 మందిలో సుమారు 42 మంది చనిపోయారు. మార్చిలో ప్రభుత్వం పంపిన శానిటరీ కమిషన్ వచ్చి కాలువలు కడిగించింది, మంచినీళ్ల పైపులు బాగుచేయించింది, గాలి ఆడేలా చేసింది. జూన్ నాటికి మరణాలు 2 శాతానికి కాస్త అటూఇటూగా పడిపోయాయి.

తన ఆస్పత్రే ప్రాణాలు తీసిందని తెలిసి..

1856లో ఇంగ్లండ్ వచ్చేసరికి ఆమె దేశానికే హీరోయిన్. ఊరేగింపులు, సన్మానాలు వద్దనుకుని చడీచప్పుడు లేకుండా ఇంటికి చేరారు. విక్టోరియా రాణిని కలిసినప్పుడు ఆమె అడిగింది ఒక్కటే. ఆర్మీ ఆస్పత్రుల్లో ఏం జరిగిందో తేల్చడానికి ఓ రాయల్ కమిషన్ కావాలి.

1857లో కమిషన్ వేశారు. దాని కోసం ఆమె విలియం ఫార్‌తో కలిసి లెక్కలు తీశారు. జనన మరణాల రిజిస్ట్రేషన్ ఆఫీసులో పనిచేసే ఫార్ అప్పట్లో స్టాటిస్టిక్స్‌లో దిట్ట.

ఆ లెక్కలు చూశాక ఆమెకు పెద్ద దెబ్బ తగిలింది. అంతవరకూ తిండి సరిగా లేకపోవడం, ఆలస్యంగా ఆస్పత్రికి తేవడం వల్లే ఎక్కువ మంది పోయారని ఆమె అనుకున్నారు. కానీ అంకెలు వేరే కథ చెప్పాయి. యుద్ధంలో గాయాలతో పోయిన వాళ్ల కంటే కలరా, టైఫస్, విరేచనాల్లాంటి జబ్బులతో పోయిన వాళ్లే ఎన్నో రెట్లు ఎక్కువ. అన్నిటికన్నా ఎక్కువ ప్రాణాలు పోయిన ఆస్పత్రుల్లో తాను పనిచేసిన స్కుటారి ముందుంది!

మామూలుగా అయితే ఎవరైనా ఆ కాగితం మడిచి లోపల పెట్టేస్తారు. జనం దేవతలా చూస్తున్నారు మరి. ఆమె మాత్రం అలా చేయలేదు. 800 పేజీలు దాటిన రిపోర్ట్ రాసి, సొంతంగా ప్రింట్ చేయించి పలుకుబడి ఉన్న వాళ్లందరికీ పంపారు. అంకెలు చదివే ఓపిక లేని వాళ్ల కోసం రంగుల బొమ్మ గీశారు. నెలకో ముక్క. నివారించగలిగిన జబ్బులకు నీలం, గాయాలకు ఎరుపు, మిగతా కారణాలకు నలుపు. చూడగానే నీలమే కళ్లకు కొడుతుంది. ఈరోజు న్యూస్ చానళ్లలో చూసే ఇన్ఫోగ్రాఫిక్స్‌కు అలాంటివే తాతముత్తాతలు.

1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీ ఆమెను మెంబర్‌గా ఎన్నుకుంది. ఆ సొసైటీలో మొదటి మహిళ ఆమే.

అందరికీ ఒకటే ఫారం

ఆర్మీ తర్వాత ఆమె చూపు మామూలు ఆస్పత్రుల మీద పడింది. అక్కడా అదే గోల. ఎవరి పద్ధతి వాళ్లది. రెండు ఆస్పత్రులను పోల్చి చూడాలంటే కుదరదు. అందుకే అన్ని ఆస్పత్రులూ నింపేలా ఒకే రకం ఫారాలు తయారు చేశారు.

ఏడాది మొదట్లో ఎంతమంది పేషెంట్లు ఉన్నారు? కొత్తగా ఎంతమంది చేరారు? ఎంతమందికి నయమైంది? నయం కాకుండానే ఎంతమందిని పంపేశారు? ఎంతమంది చనిపోయారు? ఏడాది చివర్లో ఎంతమంది మిగిలారు? ఇవన్నీ జబ్బుల వారీగా, వయసు వారీగా, ఆడ మగ వారీగా రాయాలి. ఇందులో నయం కాకుండా పంపేసిన వాళ్ల కాలమ్ చాలా కీలకం. అది లేకపోతే, చావుబతుకుల్లో ఉన్న మనిషిని ఇంటికి పంపేసి మా దగ్గర మరణాలు తక్కువని ఏ ఆస్పత్రి అయినా చెప్పుకోవచ్చు.

1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ స్టాటిస్టికల్ కాంగ్రెస్ ఈ ఫారాలకు ఓకే చెప్పింది. లండన్‌లోని కొన్ని పెద్ద ఆస్పత్రులు నింపడం మొదలుపెట్టాయి కూడా. కానీ జబ్బుల లిస్టు చాంతాడంత ఉండటంతో గుమాస్తాలకు తలప్రాణం తోకకొచ్చింది. టైమ్, ఖర్చు రెండూ ఎక్కువే. కొన్నేళ్లకే ఆస్పత్రులు చేతులెత్తేశాయి.

90 శాతం మంది చనిపోతున్నారా?

1863లో ఆమె ఆస్పత్రుల మీద రాసిన పుస్తకం కొత్త ఎడిషన్ వచ్చింది. అందులో ఫార్ లెక్క కట్టిన ఓ పట్టిక వేశారు. దాని ప్రకారం లండన్‌లోని 24 ఆస్పత్రుల్లో మరణాలు 90 శాతం పైనే! డాక్టర్లు భగ్గుమన్నారు. మెడికల్ పత్రికల్లో పెద్ద రచ్చే జరిగింది.

అసలు కిటుకు ఎక్కడుందంటే.. ఏడాది మొత్తంలో చనిపోయిన వాళ్లను, ఒక్క రోజు ఆస్పత్రిలో ఉన్న పేషెంట్ల సంఖ్యతో భాగించారు. ఉదాహరణకు 100 పడకల ఆస్పత్రి ఉందనుకుందాం. ఏడాదిలో ఒక్కో పడక మీదికి 10 మంది వస్తే మొత్తం 1,000 మంది. వాళ్లలో 90 మంది పోతే మరణాలు 9 శాతం. అదే 90ని 100 పడకలతో భాగిస్తే 90 శాతం! అంకెలు రెండూ తప్పు కాదు. చెప్పే సంగతే వేరు. ఈ విమర్శలో పస ఉన్నా, నైటింగేల్, ఫార్ తమ లెక్కను సమర్థించుకుంటూనే వచ్చారు.

సికింద్రాబాద్ దాకా వచ్చిన ప్రశ్నలు

ఆమె ఎప్పుడూ ఇండియా రాలేదు. క్రిమియాలో సోకిన జబ్బుతో ఎక్కువ కాలం మంచం మీదే ఉండి పనిచేశారు. అయినా ఇక్కడి ఆర్మీ ఆరోగ్యంపై 1859లో వేసిన రాయల్ కమిషన్‌కు వెనకుండి నడిపించింది ఆమే. దేశంలోని కంటోన్మెంట్లన్నింటికీ ఓ ప్రశ్నల పత్రం వెళ్లింది. మద్రాస్ ప్రెసిడెన్సీ సైన్యం ఉండే సికింద్రాబాద్ కూడా అందులో ఉంది. నీళ్లు ఎక్కడివి? మురుగు ఎటు పోతుంది? ఎంతమందికి ఏ జబ్బు?

కట్టలు కట్టలుగా వచ్చిన జవాబులను ఆమె కూర్చుని చదివారు. ఇండియాలోని బ్రిటిష్ సైనికుల్లో ఏడాదికి 1,000 మందిలో 69 మంది చనిపోతున్నారని 1863 నాటి రిపోర్ట్ తేల్చింది. పదేళ్ల తర్వాత ఆమె చూపించిన లెక్కలో అది 18కి తగ్గింది.

అయితే ఆ రిజిస్టర్లలో ఉన్నది ప్రధానంగా సైన్యమే. మన ఊళ్లలో జ్వరంతో పోయిన రైతు, కూలీ ఎవరి లెక్కలోకి వచ్చారు? ఈ సంగతి ఆమెకూ అర్థమైంది. తర్వాతి ఏళ్లలో పల్లెల పారిశుద్ధ్యం, కరువుల గురించి రాశారు. లక్షల మందిని మింగిన 1876-78 మద్రాస్ కరువు రోజుల్లో కాలువలు తవ్వించాలని గట్టిగా వాదించారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన మన కాటన్ దొరతో ఆమెకు ఉత్తరాల పరిచయం ఉంది. ఆయన వాదనకు ఆమె అండగా నిలిచారు.

చివరి ఏళ్లలో ఆమెకు చూపు పోయింది. 1907లో బ్రిటన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చింది. ఆ గౌరవం అందుకున్న మొదటి మహిళ ఆమే. 1910 ఆగస్టు 13న, 90 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మరి ఇప్పుడు?

ఆమె కాగితం మీద అడిగిందే ఇప్పుడు ప్రభుత్వాలు కంప్యూటర్‌లో అడుగుతున్నాయి. అమెరికాలో 2009లో దీనికి చట్టం తెచ్చారు. ఎలక్ట్రానిక్ రికార్డులు వాడుతున్నట్టు లెక్కలు చూపిన ఆస్పత్రులకు 2011 నుంచి డబ్బులిచ్చారు. చూపని వాళ్లకు 2015 నుంచి చెల్లింపుల్లో కోత పెట్టారు. రికార్డులైతే దాదాపు ప్రతి ఆస్పత్రికీ వచ్చాయి. పేషెంట్ ముఖం కంటే స్క్రీనే ఎక్కువ చూడాల్సి వస్తోందన్న డాక్టర్ల గోడు కూడా వచ్చింది. చాంతాడంత ఫారంతో తిప్పలు పడ్డ లండన్ గుమాస్తాల గోడే అది!

మన దగ్గర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద 2012లో వచ్చిన రూల్స్‌లో ప్రతి పేషెంట్‌కు ఎలక్ట్రానిక్ రికార్డు ఉంచాలని ఉంది. కానీ ఆ చట్టం అన్ని రాష్ట్రాల్లో అమల్లో లేదు. 2021 సెప్టెంబర్‌లో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ మొదలైంది. 14 అంకెల ఆభా నంబర్ దాంట్లో భాగమే.

నంబర్ వచ్చింది, సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఇక నైటింగేల్ కథ మనకు చెప్పేదేంటంటే.. ఫారం నింపగలిగేంత చిన్నగా ఉండాలి. అందరూ ఒకే అర్థంతో నింపాలి. వచ్చిన లెక్క తమకే ఎదురు తిరిగినా దాచకూడదు. ఈ మూడూ లేకపోతే రికార్డు ఉండీ లాభం లేదు.

ఈసారి ఏదైనా ఆస్పత్రి మా సక్సెస్ రేటు ఇంత శాతం అని బోర్డు పెడితే ఒక్క ప్రశ్న వేయండి. ఎంతమందిలో? నయం కాకుండా పంపేసిన వాళ్లను ఏ కాలమ్‌లో రాశారు?