నర్సుల తల్లి ఫ్లోరెన్స్ నైటింగేల్



ఈసారి మన గోడ పత్రికలో మహనీయుల జీవితం రాసే వంతు నాకు వచ్చింది. నేను ఫ్లోరెన్స్ నైటింగేల్ గురించి రాస్తున్నాను. ఎందుకంటే పెద్దయ్యాక ఏమవుతావు అని ఎవరు అడిగినా మన హాస్టల్లో చాలామంది నర్సు అంటాం. నేను కూడా అలాగే అనేదాన్ని. ఆ చదువు నాకు సరిపోతుందా లేదా అని మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. ఈమె జీవితం చదివాక ఆలోచించాను.

ఆమె 1820 మే 12న ఇటలీ దేశంలో ఫ్లోరెన్స్ అనే నగరంలో పుట్టింది. అందుకే ఆ ఊరి పేరే ఆమెకు పెట్టారు. తల్లిదండ్రులు ఇంగ్లాండు వాళ్ళు, బాగా ఉన్నవాళ్ళు. వాళ్ళకు రెండు పెద్ద బంగళాలు, తోటలు, పనివాళ్ళు ఉండేవారు. ఆమెకు ఒక అక్క. ఆడపిల్లలను విశ్వవిద్యాలయాలకు రానివ్వని ఆ రోజుల్లో తండ్రే ఇద్దరికీ ఇంట్లో లాటిన్, గ్రీకు, చరిత్ర నేర్పాడు. ఆమెకు లెక్కలంటే చాలా ఇష్టం.

1837లో, పదహారేళ్ళ వయసులో, దేవుడు తనను సేవకు పిలిచాడని ఆమెకు అనిపించింది. ఏ సేవో అప్పటికి తెలియదు. చుట్టుపక్కల పల్లెల్లో జబ్బుపడిన పేదవాళ్ళకు సాయం చేస్తూ ఉండగా తన పని ఇదే అని తెలుసుకుంది. 1845లో సాలిస్‌బరీ ఆసుపత్రికి వెళ్ళి పని నేర్చుకుంటానని ఇంట్లో అడిగింది. అమ్మానాన్నలు ఒప్పుకోలేదు. ఆ కాలంలో ఆసుపత్రులు మురికిగా ఉండేవి. నర్సులంటే తాగుతారని, నడవడి మంచిది కాదని లోకం అనుకునేది.

ఇది చదివినప్పుడు నాకు మా ఇల్లు గుర్తుకొచ్చింది. మాకు బంగళా లేదు, పోడు చేనే ఉంది. అయినా నేను నర్సు అవుతానంటే మా అమ్మ వద్దే అంటుంది. రాత్రి డ్యూటీలు ఉంటాయట, ఊరు కాని ఊళ్ళో ఒక్కదానివే ఎలా ఉంటావు అంటుంది. నాన్న ఏమీ అనడు. ఏమీ అనకపోతే ఒప్పుకున్నట్టో కాదో నాకు తెలియదు.

నైటింగేల్ ఇంట్లోంచి పారిపోలేదు. ఆశ కూడా వదులుకోలేదు. తెల్లవారకముందే లేచి, ఇంట్లో వాళ్ళు నిద్రపోతుండగా ఆసుపత్రుల నివేదికలు చదివి రాసుకునేది. 1849లో మంచి సంబంధం వస్తే కాదనేసింది. 1850లో జర్మనీలో కైసర్స్‌వెర్త్ అనే ఊరికి వెళ్ళి, అక్కడ స్త్రీలు రోగులకు సేవ చేసే ఆశ్రమం చూసి వచ్చింది. మళ్ళీ 1851లో వెళ్ళి మూడు నెలలు ఉండి పని నేర్చుకుంది. అప్పటికి ఆమెకు 31 ఏళ్ళు. అంటే మొదట చూసింది, తర్వాతే చేరింది. 1853లో లండన్‌లో జబ్బుపడిన స్త్రీల కోసం ఉన్న చిన్న ఆసుపత్రికి పెద్దగా చేరింది. జీతం లేదు. తండ్రి ఏడాదికి 500 పౌండ్లు ఇచ్చేవాడు.

తర్వాత క్రిమియా యుద్ధం వచ్చింది. 1854 నవంబరులో ఆమె 38 మంది నర్సులతో టర్కీ దేశంలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరింది. అక్కడ ఎలుకలు, పేలు, కంపు. గుడ్డలు లేవు, గిన్నెలు లేవు. డాక్టర్లు మొదట ఈ ఆడవాళ్ళను దగ్గరకు రానివ్వలేదు. ఆమె గొడవ పడలేదు, పని ఇచ్చేదాకా ఆగింది. రాత్రిపూట దీపం పట్టుకుని రోగుల మధ్య తిరిగేది. అందుకే దీపధారిణి అని పేరు వచ్చింది.

ఆమె వెళ్ళగానే చావులు తగ్గిపోయాయని చాలామంది చెబుతారు. అది నిజం కాదు. ఆ చలికాలంలో అక్కడ నాలుగు వేలమందికి పైగా సైనికులు చనిపోయారు. గాయాల వల్ల కంటే కలరా, టైఫస్, విరేచనాల వల్లే ఎక్కువ పోయారు. ఆసుపత్రి కింద మురుగు కాలువలు పూడిపోయి ఉన్నాయి. 1855 మార్చిలో ఇంగ్లాండు నుంచి పారిశుధ్య సంఘం వచ్చి కాలువలు బాగు చేయించి, గాలి ఆడేట్టు చేసింది. అప్పుడు చావులు బాగా తగ్గాయి. ఇంటికి తిరిగి వెళ్ళాక విలియం ఫార్ అనే లెక్కల నిపుణుడితో కూర్చుని లెక్క కడితే ఈ సంగతి ఆమెకు పూర్తిగా అర్థమయ్యింది. ఆమె దాన్ని దాచలేదు. 1858లో రంగుల బొమ్మ గీసి ప్రభుత్వానికి చూపించింది. నర్సుకి లెక్కలెందుకు అనుకునేదాన్ని. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. జమైకా నుంచి మేరీ సీకోల్ అనే నల్లజాతి ఆమె కూడా ఆ యుద్ధానికి నర్సుగా వెళ్తానని లండన్‌లో అడిగింది. ఆమెను తీసుకోలేదు. సొంత డబ్బుతో వెళ్ళి, యుద్ధభూమి దగ్గర ఇల్లు కట్టి సైనికులకు తిండి పెట్టింది, మందులిచ్చింది. మనం ఆమె పేరు కూడా గుర్తుంచుకోవాలి.

ప్రజలు ఇచ్చిన చందాలతో 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నైటింగేల్ పేరుతో నర్సుల బడి మొదలయ్యింది. చదువు ఒక ఏడాది. తిండి, ఉండటానికి చోటు, కొంచెం డబ్బు ఇచ్చేవారు. ఎవరు వేళకి వస్తున్నారు, ఎవరు శుభ్రంగా ఉంటున్నారు, ఎవరు నిజం చెబుతున్నారు, గాయం ఎలా కడుతున్నారు అని ఒక్కొక్కరి గురించి రాసి పెట్టేవారు. చేరిన వాళ్ళందరూ చివరిదాకా ఉండలేదు.

ఆమె మన దేశానికి ఎప్పుడూ రాలేదు. అయినా ఇక్కడి మురికి, జ్వరాలు, కరువుల గురించి ఏళ్ళ తరబడి రాసింది. మన గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరతో ఉత్తరాలు రాసుకుంది. కాలువలు తవ్వితే కరువు పోతుందని ఆయనతో పాటు గట్టిగా చెప్పింది. యుద్ధంలో వచ్చిన జ్వరం వల్ల చాలా ఏళ్ళు మంచం మీదే ఉండి ఈ పని అంతా చేసింది. 1910 ఆగస్టు 13న, 90 ఏళ్ళ వయసులో లండన్‌లో చనిపోయింది. సమాధి మీద పూర్తి పేరు కూడా లేదు, రెండు అక్షరాలు, తేదీలు మాత్రమే ఉన్నాయి. ఆమె పుట్టిన రోజునే నర్సుల దినోత్సవం జరుపుతారు.

ఇప్పుడు నా సంగతి. పోయిన వానాకాలంలో నా పక్క బెడ్ అమ్మాయికి జ్వరం వచ్చింది. రాత్రి వాంతి చేసుకుంది. నేను లేచి బయటికి వెళ్ళిపోయాను. నాకు అసహ్యం వేసింది. వేరే అక్క వచ్చి కడిగింది, తల తుడిచింది. తర్వాత నేను సిగ్గుపడి తెల్లారేదాకా ఆ అమ్మాయి పక్కనే కూర్చుని తడిగుడ్డ వేశాను. వాంతి వాసన అలాగే ఉంది గానీ కాసేపటికి నాకు తెలియలేదు. నేను నర్సు పనికి పనికొస్తానా లేదా అని అప్పటినుంచి నాకు అనుమానం. బయటికి వెళ్ళిపోయింది నేనే, తిరిగొచ్చి కూర్చుంది కూడా నేనే.

అందుకని ఒకటి చేశాను. మా గూడేనికి వచ్చే నర్సమ్మ గారిని అడిగాను. దసరా సెలవుల్లో నన్ను కూడా వెంట తీసుకెళ్ళమన్నాను. ఆమె సరే అంది, కానీ గుట్ట మీద గూడేలకు నడవాలి, మధ్యలో ఇంటికి పోతానంటే కుదరదు అంది. మా అమ్మను కూడా ఒకరోజు రమ్మని పిలిచాను. నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగ్ చదవాలంటే ఇంటర్‌లో బైపీసీ తీసుకోవాలి. కాబట్టి టెన్త్ అయ్యేలోపే నాకు తెలియాలి.

నర్సు అవుతాననే అక్కలు, చెల్లెళ్ళు మీరు కూడా ముందు ఒకసారి దగ్గరగా చూడండి. తెల్ల బట్టలు చూసి కాదు, పని చూసి చెప్పండి. దసరా తర్వాత నేను ఏం చూశానో, ఏమనుకున్నానో వచ్చే పత్రికలో రాస్తాను. సరిపోదు అనిపిస్తే అది కూడా రాస్తాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని