పెర్సీ జూలియన్

సోయా చిక్కుడు గింజనుండి ఔషధములను దీసిన పెర్సీ లావన్ జూలియన్ 1899 వ సంవత్సరము ఏప్రిల్ 11 వ తేదీని అమెరికాలోని మంట్‌గొమరీ పట్టణమున జన్మించెను. ఆతని తాత బానిసగా నుండినవాడు; తండ్రి రైలు తపాలాశాఖలో గుమాస్తా. ఆ యూర నల్లజాతి బాలురకు ఎనిమిదవ తరగతికి మీద సర్కారు బడి లేకుండెను.

కావున 1916 లో ఇండియానా రాష్ట్రమందలి డెపా విశ్వవిద్యాలయమున జేరినపుడు, కళాశాల పాఠములతోపాటు ఉన్నత పాఠశాల పాఠములను గూడ జదువవలసి వచ్చెను. వసతిగృహమున ఆతనికి స్థలము లేదు. ఒక విద్యార్థిసంఘపు ఇంట పొయ్యి రగిల్చి, వడ్డన చేసి, ఆ ఇంటి అటుకమీద పరుండెడివాడు. 1920 లో తరగతికి ప్రథముడయ్యెను. మన విద్యార్థు లీ నాలుగేండ్లను గూర్చి యొకింత తలపోయుదురుగాక యని మా కోరిక.

డాక్టరు పట్టమును 1931 లో వియన్నాలో బడసెను. 1935 లో పిక్ల్ అను మిత్రునితో గూడి, నీటికాసులను కంటిజబ్బునకు వాడు ఫైసోస్టిగ్మైనును కృత్రిమముగా నిర్మించి, ఆక్స్‌ఫర్డు పండితుడగు రాబిన్సన్ వెల్లడించిన ఫలితము సరికాదని చూపెను. అయినను జాతి కారణమున డెపాలో ఆచార్యపదవి దొరకదయ్యెను. 1936 లో షికాగోలోని గ్లిడ్డెన్ కంపెనీలో జేరెను.

1940 లో అచ్చటి సోయానూనె తొట్టిలోనికి నీరు కారి, తెల్లని గడ్డ యేర్పడెను. పనివారు నూనె చెడినదనుకొనిరి. జూలియన్ మాత్రము అది స్టిగ్మాస్టెరాలని గుర్తించి, దానినుండి ప్రొజెస్టిరోన్ అను హార్మోనును విరివిగా దీయు మార్గము నేర్పరచెను. గర్భస్రావమును నివారించుటకు వైద్యులు కోరు ఆ మందు అంతకుముందు మిక్కిలి ప్రియము.

ఇచ్చట కొంత ముందునకు పోయి యొక మాట చెప్పుచున్నాము. జూలియన్ అనంతరము అట్లాంటాలోని ఎమొరీ విశ్వవిద్యాలయమున డోనాల్డ్ స్టెయిన్ మున్నగువారు ఎలుకలపై పరీక్షించి, మెదడు దెబ్బలకు ఈ హార్మోను మేలుచేయునని తలచిరి. కాని యిది నీట కరుగదు. కావున కొవ్వు కలిపిన ద్రవమున జేర్చి నరముగుండ నెక్కింపవలసి వచ్చెను. ప్రమాదస్థలముననే తటాలున నిచ్చుటకు వీలుపడదు. అందుచే రసాయనజ్ఞులు దాని నిర్మాణమును మార్చి, నీట కరుగు కృత్రిమ రూపములను జేసి జంతువులపై పరీక్షించిరి. 2014 లో ప్రకటితములైన రెండు పెద్ద పరీక్షలలో మాత్రము అసలు ప్రొజెస్టిరోన్ వలన రోగులకు మేలు కనబడలేదు. నీరు తగిలి చేజిక్కిన పదార్థము, నీట కరుగకయే వైద్యులను చిక్కులబెట్టినది!

1950 లో జూలియన్ ఓక్‌పార్కున నొక యిల్లు కొనెను. కాపురమునకు రాకముందే దానికి నిప్పుపెట్టిరి. మరుసటి యేట డైనమైటు విసరిరి. ఆతడు కదలలేదు. 1973 లో జాతీయ విజ్ఞాన పరిషత్తునకు సభ్యుడుగా నెన్నికై, 1975 ఏప్రిల్ 19 న మరణించువరకు ఆ యింటనే కాపురముండెను.