రాజా దీన్ దయాళ్: ఆరో నిజాం మెచ్చిన ముసవ్విర్ జంగ్

పాలమూరుకు మహబూబ్‌నగర్ అనే పేరు 1890లో వచ్చింది. అది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు. ఊరికి పేరైతే మిగిలింది, మరి ఆ మనిషి ఎట్లా ఉండేవాడు? దర్బారులో ఎట్లా కూర్చునేవాడు, వేటకు పోతే పక్కన ఎవరెవరు నిలబడేవారు? ఈ రోజు ఇవన్నీ మనకు కళ్లకు కట్టినట్టు కనిపిస్తున్నాయంటే అందుకు కారణం ఇంకో మనిషి. ఆయనే రాజా దీన్ దయాళ్.

ఆయనది దక్కన్ కాదు. మీరట్ దగ్గర సర్ధనాలో 1844లో ఒక జైన కుటుంబంలో పుట్టాడు. రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, 1866లో ఇందూరులో సర్కారీ పనుల శాఖలో చేరాడు. కట్టడాలకు నక్షాలు గీయడం, ఖర్చు అంచనా వేయడం ఆయన పని. కెమెరా పట్టింది 1874లో. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్లు. అంటే చిన్నప్పటి నుంచి నేర్చిన విద్య కాదు, నౌకరీ చేసుకుంటూ పట్టుకున్న హునర్.

నక్షాలు గీసిన చెయ్యి ఫొటోల్లో తెలిసిపోతుంది. ఆయన తీసిన కోటలు, మహళ్లు, మందిరాలు చూడండి. స్తంభాలు నిటారుగా ఉంటాయి, నేల గీత ఒక పక్కకు ఒరగదు. ఈ రోజు చిన్న డిజిటల్ కెమెరా కొన్న పిల్లలు మొదట నేర్చుకోవలసిందీ ఇదే. చాలా కెమెరాల్లో తెర మీద అడ్డం, నిలువు గీతలు చూపించే ఏర్పాటు ఉంటుంది. దాన్ని తెరిచి పెట్టుకుని, మసీదు మినారును నిలువు గీతతో, చెరువు నీటి అంచును అడ్డ గీతతో సరిచూసుకుంటే సగం తప్పులు పోతాయి.

ఆయన మొదలుపెట్టిన రోజుల్లో ఒక్క ఫొటో తీయడమంటే పెద్ద తంతు. గాజు పలకకు రసాయనం పూసి, వెండి ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టాలి. తీసిన వెంటనే చీకటి డేరాలోకి పోయి కడగాలి. ఎండాకాలంలో తడి ఇట్టే ఆరిపోయేది, ఆరిందా ఆ పలక వృథా. 1880ల నాటికి ముందే తయారుచేసి పెట్టుకునే పొడి పలకలు వచ్చి కష్టం కొంత తగ్గింది. అయినా ప్రతి పలకకూ ఖర్చే. అందుకే ఆ కాలపు ఫొటోగ్రాఫర్ ముందు చాలాసేపు చూసేవాడు, తర్వాతే తీసేవాడు. ఇప్పుడు నల్లగొండలో ఒక పెళ్లికి పోయి గంటలో మూడొందల ఫొటోలు తీయొచ్చు. వాటిల్లో దాచుకోదగ్గవి ఎన్ని ఉంటాయంటే మాత్రం ఆలోచించాల్సిందే.

పేరు మెల్లగా పాకింది. 1875లో హిందుస్తాన్‌కు వచ్చిన వేల్స్ యువరాజు పర్యటనను ఫొటోలు తీశాడు. తర్వాత సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట తిరిగి మధ్య భారతంలోని పాత కట్టడాలను తీశాడు. ఆ ఫొటోలు 1886లో పుస్తకంగా వచ్చాయి. ఆ కాలంలోనే సర్కారీ నౌకరీ వదిలి ఫొటోలనే బతుకుతెరువు చేసుకున్నాడు. సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచాడు, మహబూబ్ అలీ ఖాన్ దర్బారు ఫొటోగ్రాఫర్ అయ్యాడు.

దర్బార్లు, దావత్‌లు, ఫౌజుల కవాతులు, పులి వేటలు అన్నీ ఆయన కెమెరా ముందుకు వచ్చాయి. వైభవం ఒక్కటే కాదు, కరువు రోజుల్లో ఔరంగాబాద్ వైపు జరిగిన సహాయ పనులనూ ఆయన స్టూడియో ఫొటోలు తీసింది. కరువంటే ఏమిటో పాలమూరు వాళ్లకు ఒకరు చెప్పనక్కర లేదు. ఆ ఫొటోల విలువ వాళ్లకు ఇంకా బాగా తెలుస్తుంది.

1894లో నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ఇచ్చాడు. ఆయన పనితనాన్ని మెచ్చుకుంటూ స్వయంగా ఉర్దూలో ఒక షేర్ కూడా చెప్పాడు. ముసవ్విర్ అంటే రూపం దిద్దేవాడు, చిత్రకారుడు. తస్వీర్ అన్న మాటా ఆ మూలం నుంచి వచ్చిందే. మీరట్ వైపు నుంచి వచ్చిన జైనుడికి దక్కన్ ముస్లిం పాలకుడు ఇచ్చిన గౌరవం అది. మూడేళ్ల తర్వాత, 1897లో, విక్టోరియా మహారాణి నుంచి కూడా రాజముద్ర గౌరవం అందింది.

ఆయన చేసిన పనుల్లో మన ఇళ్లకు బాగా దగ్గరైనది ఇంకొకటి ఉంది. 1892లో హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసం వేరుగా జనానా స్టూడియో తెరిచాడు. దాన్ని మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఇంగ్లీషు మహిళ చూసుకునేది, లోపల పనిచేసేవాళ్లూ ఆడవాళ్లే. పర్దా పాటించే ఇళ్ల బేగంలు, కూతుళ్లు పరాయి మగవాళ్ల కంట పడకుండా ఫొటో తీయించుకోగలిగారు. తస్వీర్ విషయంలో ఆలిముల మధ్య అప్పుడూ చర్చ ఉంది, ఇప్పుడూ ఉంది. దీన్ దయాళ్ ఎవరికీ వాదనలు వినిపించలేదు. రావాలనుకున్న వాళ్ల హయాకు భంగం కలగకుండా తలుపు, గోడ, మనుషులు అన్నీ ఏర్పాటు చేశాడు.

ఫొటోగ్రఫీలో ఇంతకన్నా పెద్ద పాఠం లేదు. ఈ రోజు షాదీఖానాలో జేబులోంచి ఎవరైనా కెమెరా తీస్తారు, ఆడవాళ్ల వైపు తిప్పుతారు, క్షణంలో ఆ ఫొటో ఊరూరా తిరుగుతుంది. ముందు ఇజాజత్ అడగాలి. వద్దంటే కెమెరా దించాలి. తీసినదాన్ని ఇంకొకరికి పంపే ముందు మళ్లీ అడగాలి. ఇంట్లోనే ఒక అమ్మాయికి కెమెరా నేర్పితే ఆడవాళ్ల ఫొటోల బాధ్యత ఆమే చూసుకుంటుంది.

నేర్పడం కష్టమేమీ కాదు. ఆ కాలపు స్టూడియోల్లో అద్దాల కప్పు నుంచి మెత్తని పగటి వెలుగు పడేలా చూసుకునేవారు. మన ఇంట్లో ఆ పని వరండా చేస్తుంది. మిట్ట మధ్యాహ్నం ఎండలో నిలబెడితే కళ్ల కింద నల్లని నీడలు పడతాయి. వరండా నీడలో ముఖం వెలుగు వైపు తిప్పి కూర్చోబెడితే చాలు. మోచేతులు ఒంటికి ఆనించి పట్టుకోవాలి. మీట సగం నొక్కి, ముఖం స్పష్టంగా పట్టిందని చూసుకుని పూర్తిగా నొక్కాలి. జూమ్ లాగేకన్నా రెండడుగులు దగ్గరికి పోవడం మేలు. ఈద్ రోజు ఇంటిల్లిపాదిని తీయాలంటే దర్బారు ఫొటోలే నమూనా. పెద్దలు కుర్చీల్లో, పిల్లలు కింద, పొడుగువాళ్లు వెనక. ఏ ముఖమూ ఇంకో ముఖాన్ని కప్పకూడదు.

దీన్ దయాళ్ 1905 జులై 5న కన్నుమూశాడు. కొడుకు జ్ఞాన్ చంద్ పని కొనసాగించాడు. కాలం మారింది, స్టూడియోల వెలుగు తగ్గింది. అయినా గాజు పలకలను ఆ కుటుంబం కాపాడుకుంటూ వచ్చింది. 1989లో ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం 2,857 గాజు నెగెటివ్‌లను తీసుకుని భద్రపరిచింది. 2006లో తపాలా శాఖ ఆయన పేర బిళ్ల విడుదల చేసింది.

చేయి జారితే పగిలే గాజు వందేళ్లు దాటి నిలబడింది. మన ఫొటోలు మాత్రం మెమరీ కార్డు పాడైతే ఒక్క రోజులో పోతాయి. ఏడాదికి పది ఫొటోలైనా కాగితం మీద వేయించి, వెనక తేదీ, ఊరు, పేర్లు రాసి పెట్టాలి. మహబూబ్ అలీ పాషాను గుర్తుపట్టడానికి చరిత్ర పుస్తకాలు ఉన్నాయి. దేవరకొండలోనో, నారాయణపేటలోనో ఒక ఇంట్లో గోడకున్న నానమ్మ ఫొటోను గుర్తుపట్టడానికి మాత్రం ఆ వెనక రాసిన నాలుగు మాటలే దిక్కు.