మన ఉస్తాద్ రహీం సాహెబు

మన సొసైటీ సభ్యుల పిల్లలు కొందరు చదువుతున్న కాలేజీలో ఈ సంవత్సరం ఫుట్‌బాల్ టీముకు కొత్త కోచ్ వచ్చారు. ఆయన వచ్చి రెండు నెలలు కూడా కాలేదు, అప్పుడే కుర్రాళ్ళ నడక మారిపోయింది. తెల్లవారక ముందే లేచి బూట్లు చేతబట్టుకుని మైదానానికి పోతున్నారు. హోటల్లో చాయ్ తాగే పెద్దలు సైతం ఈసారి కప్పు మన పిల్లలదేనని పందాలు కాస్తున్నారు. పోయిన సంవత్సరం ఇదే టీము మొదటి ఆటలోనే ఓడి ఇంటికొచ్చిన సంగతి ఎవరికీ గుర్తు లేదు. ఆశ అటువంటిది. ఆ ఆశ చూస్తే మా వంటి మేష్టర్లకు సంతోషమూ కలుగుతుంది, లోలోపల కొంచెం భయమూ వేస్తుంది. ఒక కొత్త మనిషి వచ్చినంత మాత్రాన పాత టీము గెలుస్తుందా అని కొందరు మమ్మల్ని అడిగారు. ఆ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పడం మాకు చేతకాదు గాని, ఈ నగరంలోనే పుట్టి, ఈ నగరం బడుల్లోనే పాఠాలు చెప్పి, టీముల తలరాత మార్చిన మర్హూం సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు గారి జీవితం మాత్రం చెప్పగలము. పెద్దలకు తెలిసిన కథే. పిల్లలకు తెలియాలని రాస్తున్నాము.

రహీం సాహెబు 1909 ఆగస్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించారు. అవి నిజాం రోజులు. ఉర్దూలో పై చదువులు చెప్పడానికని 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆయన చదువుకున్నారు, ఆ విశ్వవిద్యాలయం టీములో ఆడారు. ఉస్మానియాలో చదువుతున్నవారు, చదువు ముగించినవారు కలిసి ఇలెవెన్ హంటర్స్ అనే టీము పెట్టుకుంటే అందులోనూ ఆడారు. ఆ తరువాత స్థానిక లీగులో మంచి పేరున్న కమర్ క్లబ్బుకు ఆడారు. అంటే ఆయన ఆట మొదలైనది కాలేజీ మైదానంలోనే. ఈ మాట మన కుర్రాళ్ళు గుర్తుంచుకుంటే బాగుంటుంది.

బి.ఏ. పూర్తిచేసి ఆయన ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించారు. కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు – ఇవి ఆయన పనిచేసిన బడులు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా తీసుకుని, చివరి రెండు బడుల్లో ఆటల బాధ్యత తానే చూసుకున్నారు. ఇక్కడ మా వృత్తి గురించి ఒక మాట చెప్పుకోక తప్పదు. మన బడుల్లో డ్రిల్లు పిరియడుకు ఉన్న విలువ ఎంతో అందరికీ తెలుసు. లెక్కల మేష్టారికి సిలబస్ మిగిలితే డ్రిల్లు పిరియడు, ఇన్‌స్పెక్షన్ వస్తుందంటే డ్రిల్లు పిరియడు. మేము కూడా సాంఘిక శాస్త్రం పాఠం మిగిలిపోయిందని ఆ పిరియడును ఎన్నోసార్లు అడిగి తీసుకున్నవాళ్ళమే. అటువంటి వృత్తిలోంచి వచ్చిన మనిషి దేశం టీమును ఒలింపిక్సు సెమీఫైనలు దాకా నడిపించారంటే, మేము మా స్టాఫ్ రూములో కొంచెం తలెత్తుకుని, కొంచెం తలదించుకుని కూర్చోవలసిందే.

ఆయన పద్ధతి ఏమిటో చెప్పాలి, ఎందుకంటే అసలు సంగతి అక్కడే వుంది. గల్లీలో ఆడే పిల్లవాడికి బంతి దొరికితే ఇక వదలడు. నలుగురిని తప్పించి, అయిదోవాడి కాళ్ళకు తగిలి పడేదాకా తనే పట్టుకు పోతాడు. చూసేవాళ్ళు వాహ్ వాహ్ అంటారు, గోలు మాత్రం పడదు. రహీం సాహెబు దీనిమీద ఉపన్యాసాలు ఇవ్వలేదు. బంతిని పట్టుకు తిరగరాదు, వచ్చింది వచ్చినట్టు తోటివాడికి అందించాలి అని షరతు పెట్టి, ఆ షరతుమీదనే పోటీలు నడిపించారు. చాలామంది కుడికాలితో తప్ప తన్నలేరని గమనించి, బలహీనమైన కాలితో మాత్రమే ఆడాలని ఇంకొక పోటీ పెట్టారు. మొదటి రోజుల్లో ఆ ఆట చూడటానికి నవ్వులాటగా వుండి వుంటుంది. కాని ఆలోచించండి. రెండు కాళ్ళూ పనిచేసే ఆటగాడిని ఆపాలంటే ఎదుటివాడు రెండు వైపులా కాచుకోవాలి. బంతి వెంటవెంటనే చేతులు మారితే – కాదు, కాళ్ళు మారితే – పెద్ద వొళ్ళున్నవాడు పరుగెత్తలేక రొప్పుతాడు. మన కుర్రాళ్ళు తెల్లదొరల్లా ఎత్తరులు కారు, బరువు లేరు. వున్న దేహంతోనే గెలిచే దారి ఏదని ఆయన వెతికారు. క్లాసులో వెనుక బెంచీ పిల్లవాడికి పాఠం ఎలా ఎక్కించాలా అని ఆలోచించే మేష్టారి బుద్ధి ఇది.

హైదరాబాదు ఫుట్‌బాల్ అసోసియేషనుకు ఆయన చాలా ఏళ్ళు కార్యదర్శిగా వున్నారు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు టీము బాధ్యత తీసుకున్నారు. అది అంతకు మునుపు పనికిరాని టీమేమీ కాదు. 1943లోనే బెంగుళూరులో ఆష్ గోల్డ్ కప్పు గెలిచిన టీము. కాని 1950 నాటికి నగరం పరిస్థితి వేరు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి రెండేళ్ళు కూడా నిండలేదు. పాత కొలువులు పోయినవారు, ఊళ్ళు వదలి నగరానికి చేరినవారు, సరిహద్దు దాటిపోయిన కొడుకు వుత్తరం కోసం ఎదురుచూసేవారు – మన ఇళ్ళలో చాలావాటిలో దిగులు కమ్ముకున్న రోజులు. మా పెద్దలు ఆ కాలం గురించి ఎక్కువ మాట్లాడేవారు కారు. ఫుట్‌బాల్ మాట వస్తే మాత్రం నోరు విప్పేవారు.

ఆ 1950లోనే సిటీ పోలీసు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు తెచ్చింది. మరుసటి ఏడు మళ్ళీ తెచ్చింది. అలా 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదు సార్లు. ఢిల్లీలో 1950 డ్యూరాండ్ కప్పు ఫైనలులో కలకత్తా మోహన్ బగాన్‌తో మొదటి రోజు 2-2తో సరిసమానమై, తిరిగి ఆడినప్పుడు 1-0తో గెలిచారు. కలకత్తా టీములంటే అప్పట్లో దేశమంతా హడల్. ఆ టీములను ఓడించినవారు మన నగరం పోలీసు జవాన్లు, వారికి నేర్పినవాడు ఒక బడి మేష్టారు. టీములో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్ వంటి వారు వుండేవారు. గెలుపువల్ల ఎవరి కొలువూ తిరిగి రాలేదు, నిజమే. అయినా తల వంచుకు నడిచే వీధిలో ఒక సాయంత్రం తల ఎత్తుకు నడవడం చిన్న విషయం అని మేము అనుకోము.

దేశం టీము కూడా ఆయన చేతికి వచ్చింది. 1951లో న్యూఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. ఇండోనేషియాను, ఆఫ్ఘనిస్తాన్‌ను చెరి 3-0తో ఓడించి, ఫైనలులో ఇరాన్‌పై 1-0తో గెలిచారు. ఆ గోలు కొట్టింది మేవాలాల్. బంగారు పతకం వచ్చింది. కొత్త గురువు, కొత్త దేశం, కొత్త పతకం! ఇక ప్రపంచమే మనదన్నట్టు పత్రికలు, ప్రజలు పొంగిపోయారు. మరుసటి సంవత్సరం, 1952లో హెల్సింకీ ఒలింపిక్సు. యుగోస్లావియా చేతిలో 10-1. మనవాళ్ళు చాలామంది వుత్త కాళ్ళతోనే ఆడారు.

ఆ అంకె మేము కావాలనే దాచకుండా రాస్తున్నాము. ఆశ పెట్టుకున్నవారికి ఇటువంటి రోజు ఒకటి వస్తుంది. అటువంటప్పుడు గురువును తిట్టడం సులభం, ఓడిన పిల్లలను గురువు తిట్టడం ఇంకా సులభం. రహీం సాహెబు ఓటమినుంచి నేర్చుకునే పని పెట్టుకున్నారు. ఆ ఒలింపిక్సులో బంగారు పతకం గెలిచింది హంగరీ. వాళ్ళ సెంటర్ ఫార్వర్డు ముందు నిలబడి బంతికోసం కాచుకోడు, కొంచెం వెనక్కు వచ్చి ఆట నడిపిస్తాడు. అతణ్ణి పట్టుకోవడానికి ఎదుటి బ్యాకు ముందుకు వస్తే వెనుక ఖాళీ ఏర్పడుతుంది, ఆ ఖాళీలోకి తక్కిన ఫార్వర్డులు దూసుకుపోతారు. ఆయన ఈ పద్ధతిని మన పిల్లల కాళ్ళకు తగినట్టు మలిచారు. వుత్త కాళ్ళ ఆట కూడా ఆ తరువాత పోయింది, బూట్లు తప్పనిసరి అయినాయి.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సుకు వెళ్ళిన టీములో మన నగరం ఆటగాళ్ళు చాలామంది వున్నారు. వారిలో తులసీదాస్ బలరాం ఒకరు. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడ కుర్రవాడు, పేద ఇల్లు. రోజూ శిక్షణకు వచ్చిపోవడానికి చేతిలో డబ్బు లేనివాడు. ఆ పిల్లవాడి ఆటను గుర్తించి, శిక్షణకు పిలిచి, మైదానం దాకా వచ్చే దారి కూడా చూపినవారు రహీం సాహెబు. బలరాం పెద్దవాడై పెద్ద పేరు తెచ్చుకుని, 2023లో కన్నుమూసేదాకా తన గురువు పేరే చెప్పుకున్నారు. మెల్‌బోర్న్‌లో మనవాళ్ళు ఆస్ట్రేలియాను వాళ్ళ గడ్డమీదే 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టాడు. ఒలింపిక్సు ఫుట్‌బాల్‌లో ఒకే ఆటలో మూడు గోళ్ళు కొట్టిన మొదటి ఆసియావాడు అతడే. సెమీఫైనలులో మళ్ళీ అదే యుగోస్లావియా. మొదటి గోలు మనదే, కాని చివరకు 4-1తో ఓడిపోయాము. కంచు పతకం ఆటలో బల్గేరియా 3-0తో గెలిచింది. నాలుగో స్థానం. నాలుగేళ్ళ క్రితం పది గోళ్ళు తిన్న దేశం ఇది.

1956-57, 1957-58లలో హైదరాబాదు వరుసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1960లో రోము ఒలింపిక్సులో టీము హంగరీకి 2-1తో ఓడింది, ఫ్రాన్సుతో 1-1 చేసింది, పెరూకు 3-1తో ఓడింది. ఫ్రాన్సుమీద గెలుపు దాదాపు చేతికందినట్టే అంది, చివరి ఘట్టంలో జారిపోయింది. ఆ టీములో రహీం సాహెబు కుమారుడు షాహిద్ హకీం కూడా వున్నాడు, కాని ఒక్క ఆటలోనూ మైదానంలోకి దిగలేదు. కోచ్ కొడుకు బెంచీమీద కూర్చోవడం! మన కమిటీలలో కొడుకులకు, అల్లుళ్ళకు మొదటి వరుస కుర్చీలు వేసేవారు ఈ వాక్యం రెండుసార్లు చదవగలరు.

ఇక 1962 జకార్తా. అప్పటికే ఆయన వొంట్లో బాగోలేదు. ఊపిరితిత్తుల కాన్సరు లోపల పెరుగుతున్నది. కెప్టెను చునీ గోస్వామి. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తరువాత థాయిలాండ్‌పై 4-1, జపాన్‌పై 2-0 గెలిచారు గాని, నడుమ డిఫెండరు జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. తలకు కట్టుతో వున్నవాణ్ణి డిఫెన్సులో నిలబెట్టడం కష్టం. ఇంకొకరైతే అతణ్ణి పక్కన కూర్చోబెట్టేవారు. రహీం సాహెబు అతణ్ణి తీసుకెళ్ళి సెంటర్ ఫార్వర్డుగా ఆడించారు. కాలేజీ రోజుల్లో జర్నైల్ ఫార్వర్డుగా ఆడినవాడేనని ఆయనకు తెలుసు. సెమీఫైనలులో దక్షిణ వియత్నాంను 3-2తో ఓడించినప్పుడు అందులో ఒక గోలు జర్నైల్‌దే.

ఫైనలు 1962 సెప్టెంబరు 4న. ఎదుట మళ్ళీ దక్షిణ కొరియా. ఇజ్రాయేలును, తైవాన్‌ను ఆ క్రీడలకు రానివ్వనందుకు మన దేశపు క్రీడాధికారి ఒకరు అభ్యంతరం చెప్పగా, ఇండోనేషియా ప్రజలకు మనమీద కోపం వచ్చింది. లక్షమంది నిండిన స్టేడియంలో మన జాతీయ గీతం కూడా వినబడనంతగా అరిచారు. పిల్లలు బెదిరిపోవలసిన రోజు. ఆట ముందరి రాత్రి ఆయన టీమునంతా కూర్చోబెట్టి తనకు వారినుంచి ఒక బహుమతి కావాలని అడిగారని, అది బంగారు పతకమేనని ఆ టీము ఆటగాళ్ళు తరువాత చెప్పుకున్నారు. జబ్బుపడి లేచిన పీటర్ తంగరాజ్‌ను గోలు కీపరుగా తిరిగి తీసుకున్నారు. అది కూడా సాహసమే. మొదటి ఇరవై నిముషాలలోనే పి.కె. బెనర్జీ ఒకటి, తలకు కట్టుతోనే జర్నైల్ ఇంకొకటి కొట్టారు. చివర్లో కొరియా ఒకటి కొట్టింది. 2-1. బంగారం మనది.

తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11వ తేదీన హైదరాబాదులో రహీం సాహెబు మరణించారు. వయసు యాభైమూడు. 1964లో మన దేశం ఆసియా కప్పులో రెండో స్థానం పొందింది. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో బంగారం మళ్ళీ రాలేదు. 1960 తరువాత ఒలింపిక్సు ఫుట్‌బాల్‌కు వెళ్ళనే లేదు. బడి మేష్టారు పోయిన తరువాత బడి ఏమవుతుందో మాకు తెలిసిన సంగతే. చాలా ఏళ్ళు ఆయన పేరు పాత ఆటగాళ్ళ నోట తప్ప వినబడలేదు. 2024లో మైదాన్ అని హిందీ సినిమా వచ్చాక మా క్లాసు పిల్లలు వచ్చి, ఆయన నిజంగా మన హైదరాబాదువారేనా అని మమ్మల్ని అడిగారు. చాదర్‌ఘాట్ బస్సులో రోజూ పోయే పిల్లలు అడిగిన ప్రశ్న ఇది.

మొన్న సాయంత్రం కాలేజీ మైదానం పక్కనుంచి వస్తూ కాసేపు ఆగాము. కొత్త కోచ్ కుర్రాళ్ళందరి చేత ఎడమ కాలితోనే తన్నిస్తున్నారు. ఒకడు తన్నబోయి బంతిని తప్పి వెల్లకిలా పడ్డాడు, మిగతావాళ్ళు పొట్ట పట్టుకు నవ్వారు, వాడు లేచి మళ్ళీ తన్నాడు. కప్పు వస్తుందో రాదో చెప్పలేము. మా బడిలో మాత్రం ఈ టర్ములో మాకు రెండు పాఠాలు మిగిలిపోయినాయి. వాటిని శనివారం బడి వదిలాక చెప్పుకున్నాము. డ్రిల్లు పిరియడు అడగలేదు.