గిజిగాడి గుట్టు చెప్పిన సలీం అలీ

ఎమ్మిగనూరు అనగానే మనకు మగ్గాలు గుర్తొస్తాయి. ఆదోని, ఎమ్మిగనూరు దారుల్లో తుమ్మచెట్లకు, బావుల మీదికి వంగిన కొమ్మలకు వేలాడే గూళ్లు నేసేదీ ఓ నేతగాడే. వాడే గిజిగాడు. వాడి సంసారం గుట్టు లోకానికి చెప్పినవారు సలీం అలీ.

ఆయన 1896లో బొంబాయిలో పుట్టారు. తోబుట్టువుల్లో ఆఖరివాడు. మూడేళ్లకే తల్లీ తండ్రీ పోతే మేనమామ, పిల్లల్లేని అత్తయ్య పెంచారు. చిన్నప్పుడు గాలితుపాకితో కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ ఎందుకుందో తెలుసుకోవాలని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ గడప తొక్కారు. అంతే, పక్షులే లోకమయ్యాయి.

1918లో తెహ్మీనాతో పెళ్లయింది. ఆమె ఇంగ్లండులో చదువుకున్న, కలిగినింటి పిల్ల. ఆయన జర్మనీలో పక్షిశాస్త్రం నేర్చుకుని 1930లో తిరిగొచ్చేసరికి మ్యూజియంలో ఉద్యోగం కాస్తా ఊడింది. ఇంకొకరైతే పిట్టలు కూడు పెడతాయా అని నిలదీసేవారేమో! ఈమె మాత్రం ఆయనతో కలిసి కిహీమ్ అనే సముద్రపు ఒడ్డు పల్లెలో కాపురం పెట్టింది.

ఆ వానాకాలమంతా ఆయన గిజిగాళ్లను చూస్తూ గడిపారు. గూడు అల్లేది మగపిట్ట. సగం అల్లాక రెక్కలు కొట్టుకుంటూ ఆడపిట్టను పిలుస్తుంది. ఆమె వచ్చి లోపలా బయటా పరీక్షిస్తుంది. నచ్చకపోతే మొహమాటం లేకుండా వెళ్లిపోతుంది. నచ్చి కాపురానికొస్తేనే గూడు పూర్తవుతుంది. ఆ తర్వాత ఆ మహానుభావుడు మరో గూడు, మరో ఇల్లాలి కోసం మొదలుపెడతాడు! గుడ్లు పొదిగే బరువు ఆమెదే.

1931లో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే మొదలైంది. ఆదోనివాళ్లకు తుంగభద్ర దాటితే అప్పట్లో అదే రాజ్యం. జీతం అడగలేదు, ఖర్చులిస్తే చాలన్నారు. ఆయన వెంట తెహ్మీనా కూడా గుడారాల్లో కాపురం చేసింది. ఆయన ఇంగ్లీషు రాతనూ ఆమే మెరుగుపెట్టేది.

1939లో చిన్న ఆపరేషన్ జరిగాక ఆమె హఠాత్తుగా కన్నుమూసింది. ఆయనకు పేరు తెచ్చిన భారతీయ పక్షుల పుస్తకం 1941లో వచ్చింది. ఆమె చూడలేకపోయింది. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అక్కాబావల ఇంట్లో ఉంటూ పని సాగించారు. పది సంపుటాల గ్రంథం, 1976లో పద్మవిభూషణ్ వచ్చాయి. 1987లో తొంభై ఏళ్ల వయసులో వెళ్లిపోయారు.

ఈ వానాకాలం గిజిగాడి గూడు కనిపిస్తే పిల్లలను కోయనివ్వకండి. దూరంగా నిలబడి, ఆడపిట్ట ఇల్లు చూడ్డానికి వచ్చేదాకా ఆగమనండి. సలీం అలీ కథ చెబుతూ తెహ్మీనా పేరూ చెప్పండి.