ఎక్కడ వదులుందో వెతికారు... రోలెక్స్‌ని నిలబెట్టారు!

రోలెక్స్ వాచీల కంపెనీని స్థాపించిన హాన్స్ విల్స్‌డార్ఫ్ వాచీ మెకానిక్ కాదు, ఇంజినీరూ కాదు. ఉత్తరాలు రాసే గుమాస్తా. అండగా నిలిచే తల్లిదండ్రులు కూడా లేరు. ఉద్యోగ వేటలో ఉన్నవాళ్లు ఆయన జీవితం ఒకసారి చదవాల్సిందే.

1881లో జర్మనీలోని కుల్మ్‌బాక్‌లో పుట్టారు. 12 ఏళ్లకే అమ్మానాన్నలిద్దరూ పోయారు. బంధువులు కుటుంబ వ్యాపారం అమ్మేసి హాస్టల్ బడిలో చేర్చారు. అక్కడ లెక్కలు, భాషలు బాగా ఒంటబట్టాయి. 1900లో స్విట్జర్లాండ్‌లో గడియారాలు ఎగుమతి చేసే ఓ సంస్థలో ఉద్యోగం తెచ్చిపెట్టింది ఆ ఇంగ్లిషే. నెలకు 80 ఫ్రాంకుల జీతం. ఉత్తరాలు రాయడంతోపాటు రోజూ వందల జేబు గడియారాలకు కీ ఇచ్చి, టైమ్ సరిచూడాలి. విసుగు పుట్టించే పనే! కానీ మంచి గడియారమేదో, కానిదేదో అక్కడే తెలిసింది.

మాటలు కాదు... సర్టిఫికెట్

1905లో 24 ఏళ్ల వయసులో లండన్‌లో బావతో కలిసి సొంత వ్యాపారం మొదలుపెట్టారు. అప్పట్లో చేతి గడియారమంటే ఆడవాళ్ల నగ కిందే లెక్క. అంత చిన్నది సరైన టైమ్ చూపిస్తుందంటే ఎవరూ నమ్మలేదు. ఆయన వాదనకు దిగలేదు. గడియారాన్ని పరీక్షకు పంపారు. 1914లో బ్రిటన్‌లోని క్యూ అబ్జర్వేటరీ దానికి ‘ఎ’ క్లాస్ సర్టిఫికెట్ ఇచ్చింది.

తర్వాతి శత్రువులు దుమ్మూ నీళ్లూ. 1926లో అన్నివైపులా మరలతో బిగిసే ‘ఆయిస్టర్’ వాచీ వచ్చింది. మరుసటి ఏడాది ఇంగ్లిష్ చానెల్ ఈదిన మెర్సిడెస్ గ్లైట్జ్ అనే లండన్ టైపిస్టుకు ఆయన ఓ వాచీ ఇచ్చారు. మరోసారి ఈదినప్పుడు చలికి తట్టుకోలేక పది గంటలకు పైగా పోరాడి ఆమె ఆగిపోయారు. మెడలోని వాచీ మాత్రం ఆగలేదు. అయినా ఓ లోపం మిగిలింది. రోజూ కీ ఇచ్చాక బొడిపెను తిరిగి బిగించడం మరిచిపోతే? నీళ్లు లోపలికే. 1931లో చేతి కదలికతో తనంతట తానే కీ తిరిగే వాచీ ఆ బెడద తగ్గించింది.

రింగు కదిలితే ప్రాణానికే ముప్పు

1953లో డైవర్ల కోసం ‘సబ్‌మెరీనర్’ తయారైంది. దాని అద్దం చుట్టూ తిరిగే రింగు ఉంటుంది. దాన్నే బెజెల్ అంటారు. నీళ్లలోకి దిగేముందు రింగు మీది గుర్తును నిమిషాల ముల్లుకు ఎదురుగా తిప్పితే చాలు, ఎన్ని నిమిషాలు గడిచాయో చూడగానే తెలుస్తుంది. సిలిండర్‌లో గాలి ఎంతసేపొస్తుందో లెక్కేసుకునేది దీంతోనే. రింగు వదులై పొరపాటున ముందుకు జరిగితే 30 నిమిషాలు కాస్తా 20గా కనిపిస్తాయి. డైవర్ ఇంకా గాలి ఉందనుకుంటాడు. అందుకే తర్వాతి కాలంలో ఒక్కవైపే తిరిగే రింగులు మామూలయ్యాయి. అవి జరిగినా గడిచిన సమయాన్ని ఎక్కువగానే చూపిస్తాయి. డైవర్ ముందే పైకొచ్చేస్తాడు.

పాత వాచీల్లో రింగు వదులైందంటే చాలావరకు కింద ఉండే సన్నని స్ప్రింగు అణిగిపోవడమో, అరగడమో కారణం. పని తెలిసినవాళ్లు జిగురుతో సరిపెట్టరు. రింగు ఊడదీసి, మురికి తుడిచి, స్ప్రింగు సరిచేస్తారు లేదా మారుస్తారు. నీళ్లు చొరబడవని పరీక్షించాకే చేతికిస్తారు.

భార్య మరణం తర్వాత విల్స్‌డార్ఫ్ 1945లో తన పేరిట ఓ ఫౌండేషన్ పెట్టారు. కంపెనీ ఇప్పటికీ దానిదే. 1960లో జెనీవాలో కన్నుమూశారు.

మీరు గమనించాల్సిందేంటంటే...

* తొలి ఉద్యోగం చిన్నదే కావచ్చు. అక్కడ చేతికొచ్చిన పని పెద్దది కావచ్చు.
* అదనంగా వచ్చిన ఒక భాష తలుపు తెరవగలదు.
* రెజ్యూమెలో ఎంత గొప్పగా రాసుకున్నా, బయటివాళ్లు పరీక్షించి చూసిన ప్రాజెక్టు ఒక్కటైనా చూపించండి.
* మీలో వదులు ఎక్కడుందో ఇంటర్వ్యూ చేసేవాళ్లకంటే ముందు మీరే వెతకండి. జిగురు పెట్టకండి, ఊడదీసి బిగించండి.